పరీక్ష తప్పిన పంతులు

ఆశ్వయుజ మాసంలో తణుకు చుట్టుప్రక్కల సార్వా చేలు పూతకు వస్తాయి. ప్రొద్దెక్కి ఎండ కాస్త చురుక్కుమనే వేళకు వెన్నులోని చిన్న పువ్వులు ఒక్కొక్కటిగా విచ్చుకొంటాయి. ముందుముందు ఊకగా మారబోయే రెండు పొరలు విడివడగా, వాటి నడుమనుండి ఆరు కేసరాలు వెలికివచ్చి గాలికి వ్రేలాడుతాయి. గంటో, ఇంకొంచెమో గడిచేసరికి పొరలు మరల మూసికొంటాయి. గట్టుమీద నడిచిపోయేవానికి ఇందులో చూడదగిన వింత ఏదీ కనిపించదు. ఆ పువ్వుకు రంగు లేదు, వాసన లేదు, తుమ్మెదల సందడి లేదు. కాని పొరలు విడివడే క్షణానికి ఇంచుమించుగానే పుప్పొడి తిత్తులు పగిలి, ఆ పువ్వు పుప్పొడి ఆ పువ్వు కీలాగ్రం మీదనే రాలిపోయి ఉంటుంది. కేసరాలు చూపరుల కంటబడే వేళకు లోపల పెండ్లి ముగిసిపోయినట్లే. పరాయి మొక్క పుప్పొడివల్ల ఏర్పడే గింజలు సాధారణంగా నూటికి ఒకటికి మించవు. ఇట్లు తన పుప్పొడితో తానే ఫలించడమే స్వయంఫలదీకరణ.

అందుచేతనే డెల్టా రైతు తన పంటలోనుండి ఏరి దాచుకొన్న విత్తనపు వడ్లు మరుసటి ఏడు చల్లితే, ఏ రకం వడ్లు చల్లినాడో ఆ రకమే చేతికి వస్తుంది. ఈ సంగతి రైతుకు తరతరాలుగా తెలుసు. కాని ఎందుకు అట్లు వస్తుంది, రెండు రకాలు కలిసినప్పుడు ఏమవుతుంది, ఆ కలయిక ఎన్ని తరాలు నిలుస్తుంది అన్న ప్రశ్నలకు లెక్క కట్టి సమాధానం చెప్పినవాడు వరిసాగు లేని ఒక చల్లని దేశపు రైతుబిడ్డ. ఆయన వృత్తి బడిపంతులు పని. ఆ పనికి కావలసిన యోగ్యతాపత్రం మాత్రం ఆయనకు జీవితంలో ఎన్నడూ దొరకలేదు. ఆయనే గ్రెగర్ మెండెల్.

మెండెల్ 1822 జులైలో ఆస్ట్రియా సామ్రాజ్యంలోని హైన్‌జెన్‌డార్ఫ్ అనే కుగ్రామంలో పుట్టినాడు. ఆ గ్రామం నేడు చెక్ దేశంలో ఉన్నది. తల్లిదండ్రులు పెట్టిన పేరు యోహాన్. తండ్రి ఆంటన్ కొద్దిపాటి భూమి గల రైతు. వారానికి మూడు దినాలు జమీందారు పొలంలో వెట్టిచేసి, మిగిలిన దినాలలో తన సేద్యం చూచుకొనేవాడు. పండ్లచెట్లకు అంటుకట్టడం ఆ ఇంట నిత్యకృత్యం. గ్రామ పాఠశాలలో కూడ తోటపని, తేనెటీగల పెంపకం నేర్పేవారు. పిల్లవాని తెలివి చూచి ఉపాధ్యాయులు పైచదువుకు పంపించవలెనన్నారు. పంపించినారు గాని, పెట్టిపోషించే శక్తి ఇంటికి లేకపోయినది. 1838లో దొర్లివచ్చిన చెట్టుమాను తగిలి తండ్రి ఎదురొమ్ము చితికినది. నాటితో ఆయన కాయకష్టానికి దూరమైనాడు. పదునారేండ్ల యోహాన్ ఇతర పిల్లలకు పాఠాలు చెప్పి, ఒక్కొక్కప్పుడు అర్ధాకలితో చదువు సాగించినాడు. ఆ కష్టంలో రెండుమారులు జబ్బుపడి చదువు ఆపి ఇల్లు చేరినాడు. అప్పుడు చెల్లెలు తెరేసియా తన పెండ్లికై కేటాయించిన సొమ్ములో కొంత అన్న చదువుకు ఇచ్చివేసినది. ఆ ఋణాన్ని ఆయన మరువలేదు. తరువాతి కాలంలో ఆమె కుమారుల చదువుకు తాను అండగా నిలిచినాడు.

1843లో ఆయన బ్రనో నగరంలోని సెయింట్ థామస్ మఠంలో చేరి గ్రెగర్ అనే పేరు స్వీకరించినాడు. భక్తి ఎంత ఉన్నదో గాని, రేపటి కూటికి వెదుకులాడవలసిన బాధ తప్పుతుందన్న ఆశ కూడ ఆ నిర్ణయంలో ఉన్నది. ఆ మఠం విద్యావంతులకు నిలయం. దానికి అధిపతియైన సిరిల్ నాప్ వ్యవసాయాభివృద్ధిలోను, మంచి విత్తనాల ఉత్పత్తిలోను శ్రద్ధ గలవాడు. 1847లో మెండెల్ గురుపట్టం పొందినాడు. కాని మరణశయ్యపై ఉన్నవారి చెంతకు వెళ్ళి ఓదార్చవలసి వచ్చినప్పుడల్లా ఆయన మనస్సు క్రుంగి తానే రోగియయ్యేవాడు. ఇది గమనించి నాప్ 1849లో ఆయనను జ్నోయ్మో పట్టణంలోని ఉన్నత పాఠశాలకు తాత్కాలికోపాధ్యాయునిగా పంపించినాడు. ఆ పనిలో ఆయన వికసించినాడు. పిల్లలకు ఆయన పాఠమంటే ఇష్టం. తోటి ఉపాధ్యాయులకు ఆయనంటే గౌరవం.

అయితే స్థిరమైన ఉద్యోగానికి వియన్నాలో పరీక్ష నెగ్గవలెను. 1850లో మెండెల్ ఆ పరీక్షకు కూర్చున్నాడు. భౌతికశాస్త్రంలో సమాధానాలు తృప్తికరంగానే ఉన్నవి. భూగర్భశాస్త్రంలోను, జంతుశాస్త్రంలోను పరీక్షకులను మెప్పించలేకపోయినాడు. జీవశాస్త్రానికి పునాది వేయబోయే మనిషి జీవశాస్త్రంలోనే తప్పినాడు. నాప్ నిరుత్సాహపడక, 1851లో ఆయనను వియన్నా విశ్వవిద్యాలయానికి పంపించినాడు. అక్కడ డాప్లర్ వద్ద భౌతికశాస్త్రం, ఎటింగ్స్‌హౌజెన్ వద్ద గణితపద్ధతులు, ఉంగర్ వద్ద వృక్షశాస్త్రం చదివినాడు. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లో మెండెల్ ఆ విద్యార్థుల బల్లమీద కూర్చుని, ప్రకృతిని అంకెలతో ప్రశ్నించడం నేర్చుకొంటున్నాడు.

1854నుండి ఆయన బ్రనోలోని సాంకేతికోన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం, ప్రకృతిశాస్త్రం బోధించినాడు. 1856లో మరల పరీక్షకు వెళ్ళినాడు. ఆరోగ్యం చెడి, పరీక్ష పూర్తి కాకుండానే వెనుదిరిగినాడు. ఆ తరువాత మరల ప్రయత్నించలేదు. పదునాలుగేండ్లు తాత్కాలికోపాధ్యాయునిగానే ఉండిపోయినాడు. ఆ 1856లోనే మఠం పెరటిలో, ముప్పదియైదు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు గల చిన్న మడిలో తన ప్రయోగం ప్రారంభించినాడు.

మొక్కల సంకరం ఆనాటికి క్రొత్త విషయం కాదు. యూరపులో పలువురు చేసి చూచినారు. కాని ఫలితాలు గందరగోళంగా ఉండేవి. తల్లిమొక్క స్వచ్ఛమైన జాతిదో కాదో తెలియదు. పుప్పొడి ఎక్కడినుండి వచ్చినదో నిశ్చయంగా చెప్పలేరు. మెండెల్ ప్రతిభ మొదట కనిపించేది మొక్కను ఎన్నుకోవడంలో. ఆయనకు మూడు గుణాలు గల మొక్క కావలెను. దాని రకాలు తరతరాలుగా మారని స్పష్టమైన లక్షణాలు కలిగి ఉండవలెను. పూత సమయంలో పరాయి పుప్పొడి దానిలోనికి చొరబడకూడదు. సంకరమొక్కలు గొడ్డుపోక ఫలించవలెను. ఈ మూడు గుణాలు బఠానీలో దొరికినవి.

బఠానీ పువ్వు నిర్మాణం చూస్తే ఈ ఎన్నిక విలువ తెలుస్తుంది. వెనుక విప్పారిన పెద్ద రేకు ధ్వజం. ప్రక్కన రెండు రెక్కలు. ముందు రెండు రేకులు అతుక్కొని పడవవలె ఏర్పడిన ద్రోణి. కేసరాలు, కీలం ఆ ద్రోణిలో దాగి ఉంటాయి. మొగ్గ విచ్చుకోకముందే పుప్పొడి తిత్తులు లోపలనే పగులుతాయి. పువ్వు అందంగా విప్పారి తేనెటీగను పిలిచే వేళకు, లోపలి కీలాగ్రం తన పుప్పొడితో నిండి ఉంటుంది. వరికోతల తరువాత డెల్టా చేలలో పండే మినుము, పెసర కూడ ఈ కుటుంబానికి చెందినవే, ఇదే స్వభావం కలవే. తలుపు మూసికొన్న ఇంటిలో ఎవరు పుట్టినా తల్లిదండ్రులెవరో సందేహం ఉండదు. బఠానీ మొక్క తనంతట తాను ఆ తలుపు మూసికొంటుంది. అది తెరువవలసి వచ్చినప్పుడు మెండెల్ తెరిచేవాడు. మొగ్గ లేతగా ఉండగానే ద్రోణి విప్పి, పుప్పొడి రాలకముందే పది కేసరాలను పటకారుతో ఒక్కొక్కటిగా తీసివేసి, మరియొక రకపు పుప్పొడిని కీలాగ్రానికి అద్దేవాడు.

ఇంత అనువైన మొక్కను కూడ ఆయన పరీక్షింపక నమ్మలేదు. విత్తన వర్తకులనుండి ముప్పదినాలుగు రకాలు తెప్పించి రెండేండ్లు పెంచి చూచి, మారకుండా నిలిచిన వాటిలో ఇరువదిరెండింటిని మాత్రమే ఉంచుకొన్నాడు. ఏడు జతల లక్షణాలను ఎన్నుకొన్నాడు. గింజ నున్నదా, ముడుతలదా, లోపలి బద్ద పసుపా, ఆకుపచ్చా, మొక్క పొడుగా, పొట్టియా, ఈ తీరున. డెబ్బది మొక్కలపై 287 సంకరాలు తన చేతులతో చేసినాడు. కీటకాలవల్ల పొరపాటు జరుగుతున్నదేమో తెలిసికొనుటకు కొన్ని కుండీలను పూతవేళ గాజుగదిలో ఉంచినాడు. పదివేలకు పైగా మొక్కలను జాగ్రత్తగా పరిశీలిస్తే పరాయి పుప్పొడి చొరబడిన సందర్భాలు బహు కొద్దిగా మాత్రమే తేలినవి.

నున్న గింజల మొక్కను ముడుతల గింజల మొక్కతో సంకరం చేయగా, మొదటి తరం గింజలన్నీ నున్నగానే వచ్చినవి. ముడుత మాయమైనది. ఇంతవరకు పూర్వులు కూడ చూచినారు. ఇక్కడనే మెండెల్ చేతులు ముడుచుకొని, పనిని మొక్కకు అప్పగించినాడు. సంకర మొక్కలను వాటి స్వభావం ప్రకారం తమంత తాము ఫలించనిచ్చినాడు. 253 మొక్కలనుండి 7,324 గింజలు వచ్చినవి. వాటిలో 5,474 నున్నవి, 1,850 ముడుతలవి. పోయిందనుకొన్న లక్షణం తిరిగి వచ్చినది. బద్ద రంగు విషయంలో 8,023 గింజలకు 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ. ఏ జత లక్షణాలను చూచినా ఇంచుమించు మూడింటికి ఒకటి. పైకి కనిపించేదానిని బహిర్గతమని, దాగి ఉండేదానిని అంతర్గతమని నేటి పాఠ్యపుస్తకాలు వ్యవహరిస్తున్నవి.

మరియొకడైతే ఇంతటితో తృప్తిపడేవాడు. మెండెల్ మరుసటి ఏడు నున్న గింజలను నాటి, మరల స్వయంఫలదీకరణకు విడిచినాడు. 565 మొక్కలలో 193 నున్న గింజలే ఇచ్చినవి. మిగిలిన 372 రెండు విధాల గింజలను కలిపి కాచినవి. అనగా పైకి ఒక్కతీరుగా కనిపించిన నున్న గింజలలో ఒకపాలు స్వచ్ఛమైనవి, రెండుపాళ్లు లోపల ముడుతను దాచుకొన్నవి. కంటికి కనిపించని ఈ భేదాన్ని ఏ భూతద్దమూ చూపలేదు. మొక్క తనతో తానే ఫలించి, తన కడుపులోని రహస్యాన్ని తన సంతానంద్వారా వెల్లడించినది. ప్రతి లక్షణానికి మొక్కలో రెండు అంశాలు ఉంటాయని, బీజకణాలు ఏర్పడేటప్పుడు అవి విడిపోయి ఒక్కొక్క దానిలోనికి ఒక్కటి మాత్రమే పోతుందని, ఫలదీకరణలో యాదృచ్ఛికంగా మరల జతపడుతాయని ఆయన తేల్చినాడు. ఈ అంశాలకే తరువాతి వారు జన్యువులని పేరు పెట్టినారు.

ఆ లెక్కనుండి ఆయన మరియొక సంగతి కూడ రాబట్టినాడు. ఒక సంకరమొక్కనుండి మొదలుపెట్టి, ప్రతి మొక్కకు నాలుగు గింజలే అనుకొని, ప్రతి తరమూ తనతో తానే ఫలిస్తూ పోతే ఏమవుతుంది? ప్రతి తరానికీ సంకరముల పాలు సగమవుతుంది. పదవ తరానికి 2,048 మొక్కలలో సంకరములు రెండు మాత్రమే మిగులుతాయి. తక్కినవి ఒక ప్రక్క 1,023, మరియొక ప్రక్క 1,023 స్వచ్ఛమైన రూపాలుగా స్థిరపడుతాయి. రైతు గాదెలోని విత్తనం మారకుండా నిలుచుటకు కారణం ఈ చిన్న లెక్కలోనే ఉన్నది.

ఎనిమిదేండ్లు, సుమారు ఇరువదియెనిమిదివేల మొక్కలు. ఈ శ్రమఫలాన్ని 1865 ఫిబ్రవరి 8న, మార్చి 8న బ్రనో ప్రకృతిశాస్త్ర సంఘంలో ఆయన చదివి వినిపించినాడు. సభ్యులు మర్యాదగా విన్నారు. వృక్షశాస్త్రంలో నిష్పత్తులు, బీజగణితం ఎందుకో వారికి బోధపడలేదు. 1866లో వ్యాసం అచ్చయినది. నలబది ప్రతులు విడిగా తెప్పించుకొని కొందరు పండితులకు పంపించినాడు. మ్యూనిక్ నగరంలోని నేగెలి అనే ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మాత్రం బదులు వ్రాసినాడు. ఆ బదులులో ప్రోత్సాహం కంటె సందేహం ఎక్కువ. ఆయన హైరేసియం అనే పసుపు పూల మొక్కను పరిశోధిస్తున్నవాడు.

మెండెల్ కూడ ఆ మొక్కపై ప్రయోగాలకు దిగినాడు. చామంతి కుటుంబానికి చెందిన ఆ మొక్క పూగుత్తిలోని పువ్వులు అతి చిన్నవి. అద్దంతో వెలుగు ప్రసరింపజేసి, భూతద్దం క్రింద కేసరాలు తీసి తీసి ఆయన కండ్లు దెబ్బతిన్నవి. అంత కష్టపడినా ఫలితం తారుమారైనది. సంకరమొక్కల సంతానం మూడింటికి ఒకటిగా విడిపోలేదు. తల్లినే పోలి ఉన్నది. తన నియమం బఠానీకే పరిమితమా అన్న శంక ఆయనకే కలుగజేసిన ఫలితమది. నిజానికి తప్పు నియమానిది కాదు. ఆ మొక్కలు చాలవరకు ఫలదీకరణ లేకుండానే విత్తనం కట్టేవి. బఠానీ తన పుప్పొడితో ఫలిస్తే, హైరేసియం పుప్పొడితో పనిలేకనే కాస్తుంది. పైకి రెండూ ఒంటరిగా కాచినట్లే ఉంటాయి. ఈ భేదం 1903, 1904 సంవత్సరాలలో గాని తేలలేదు. సరియైన మొక్క ఆయనను సత్యానికి చేర్చినది. మరియొక మొక్క ఆ సత్యాన్నే ఆయనకు అనుమానాస్పదం చేసినది.

అయినా మెండెల్ దృష్టి మొద్దుబారలేదు. అండం ఫలించుటకు పుప్పొడి రేణువులు అనేకం కావలెనని డార్విన్ వంటివారు కూడ తలచిన కాలమది. మెండెల్ చంద్రకాంత పువ్వు కీలాగ్రం మీద ఒకే ఒక్క రేణువు ఉంచి, దానినుండి పుష్టియైన గింజ కట్టుటను చూచి 1870లో నేగెలికి తెలిపినాడు. సాయంత్రం పూచే ఆ పువ్వు తెలుగువారి పెరళ్ళలో పిల్లలందరికీ పరిచితమే. 1876లో డార్విన్ స్వయంఫలదీకరణపై పెద్ద గ్రంథం ప్రకటించి, పలు మొక్కలలో పరాయి పుప్పొడితో పుట్టిన సంతానమే బలంగా పెరుగుతుందని నిరూపించినాడు. ఇద్దరూ మూసిన పువ్వులను తెరిచి చూచినవారే. ఒకరు సంతానపు బలాన్ని కొలిచినారు. ఒకరు సంతానపు పోలికను లెక్కించినారు. వారిద్దరూ కలిసికొననే లేదు.

1868లో సోదరులు మెండెల్‌ను మఠాధిపతిగా ఎన్నుకొన్నారు. దానితో బడి విడిచినాడు. తోటకు తీరిక తగ్గినది. తేనెటీగలను పెంచినాడు, వాతావరణపు కొలతలు వ్రాసి ఉంచినాడు. 1874లో ప్రభుత్వం మఠాలపై విధించిన పన్ను అన్యాయమని తలచి, చెల్లించ నిరాకరించి, తుదివరకు ఒంటరిగా పోరాడినాడు. ఆ పోరాటం ఆయన స్నేహాలను, ఆరోగ్యాన్ని తిన్నది. 1884 జనవరి 6న మూత్రపిండాల వ్యాధితో కన్నుమూసినాడు. శ్మశానానికి తరలివచ్చిన బ్రనో ప్రజలు దయగల మఠాధిపతికి వీడ్కోలు పలికినారు. శాస్త్రజ్ఞుడు పోయినాడని వారికి తెలియదు. ఆయన కాగితాలలో చాలభాగం మఠంలోనే కాల్చివేయబడినవి. ఆ సంవత్సరమే నేగెలి వంశపారంపర్యంపై వెలువరించిన గ్రంథంలో మెండెల్ పేరైనా లేదు.

పదునారేండ్ల తరువాత, 1900లో, హాలెండులో డి వ్రీస్, జర్మనీలో కోరెన్స్, ఆస్ట్రియాలో చెర్మాక్ తమ తమ ప్రయోగాలలో మెండెల్ చూచిన నియమాలనే ఎదుర్కొని, ఆ పాత వ్యాసాన్ని వెలికితీసినారు. కోరెన్స్ ఆ నేగెలి శిష్యుడే కావడం విశేషం. మెండెల్ నేగెలికి వ్రాసిన లేఖలను 1905లో ప్రకటించి, గురువు చేసిన ఉపేక్షకు శిష్యుడు పరిహారం చెల్లించినాడు. 1990లో శాస్త్రజ్ఞులు ముడుత గింజలోని జన్యువును కూడ పట్టుకొన్నారు. పిండిపదార్థం సరిగా ఏర్పడుటకు తోడ్పడే జన్యువు చెడుటవల్ల గింజలో చక్కెర, నీరు మిక్కిలి చేరి, ఎండినప్పుడు ముడుతలు పడుతున్నదని తేలినది.

తణుకుకు కొద్ది దూరంలో మార్టేరు ఉన్నది. అక్కడి వరి పరిశోధనా కేంద్రం 1925లో వెలసినది. కొత్త రకం కావలసినప్పుడు అక్కడివారు చేసేది మెండెల్ చేసిన పనియే. వరి పువ్వు తనంతట తాను ఫలించకముందే పొర కత్తిరించి, ఆరు కేసరాలు తీసివేసి, మరియొక రకపు పుప్పొడి అద్ది, సంచి తొడుగుతారు. పిదప తరం వెంట తరం మొక్కలను తమంత తాము ఫలించనిచ్చి, మేలైన వాటిని ఏరుతూ, గుణం స్థిరపడేవరకు వేచి ఉంటారు. 1982లో వెలువడి దేశమంతట వ్యాపించిన స్వర్ణ అనే రకం వసిష్ఠ, మసూరి అనే రెండు రకాల సంకరంనుండి ఇట్లే రూపొందినది. స్వర్ణ వడ్లు దాచుకొన్న రైతు మరుసటి ఏడు స్వర్ణనే పండించగలడు. అదే హైబ్రిడ్ వరి వేసినవాడు ఏటేటా విత్తనం కొనవలసినదే. దాని గింజలు నాటితే మెండెల్ మడిలోవలె లక్షణాలు విడిపోయి చేను ఎగుడుదిగుడుగా పెరుగుతుంది.

జీవశాస్త్ర పాఠంలో మెండెల్ పేరు వచ్చినప్పుడు మూడింటికి ఒకటి అన్న నిష్పత్తిని పిల్లలు కంఠస్థం చేస్తారు. ఆ నిష్పత్తి వెనుక ఒక చెల్లెలు విడిచిన సొమ్ము, రెండుమారులు తప్పిన పరీక్ష, నలబది ప్రతులకు కరవైన ఆదరణ ఉన్నవి. యోగ్యతాపత్రం లేని ఆ పంతులు వ్రాసిన పాఠం నేడు యోగ్యతాపత్రం గల ప్రతి జీవశాస్త్రోపాధ్యాయుడూ చెప్పవలసిన పాఠమైనది. దానిని చెప్పుటకు ప్రయోగశాల కూడ అక్కరలేదు. ఆశ్వయుజంలో ఒక ఉదయం పిల్లలను చేనిగట్టుకు తీసుకొనిపోయి, విచ్చుకోబోయే వరిపువ్వు నొకదానిని సూదిమొనతో తెరిచి చూపితే చాలును.